నాసిక్ గోదావరి, మన గోదావరి: కోనసీమలో వైన్ ద్రాక్ష వేయొచ్చా అన్న ప్రశ్నకు జవాబు

రావులపాలెం దగ్గర లంక ఊరి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. మూడెకరాల కొబ్బరి తోట ఉంది. తెల్లదోమ వచ్చిన దగ్గర్నుంచి కాపు పడిపోయింది, ధర కూడా నిలకడగా ఉండటం లేదు. చెట్లు తీయించేసి వైన్ ద్రాక్ష వేద్దామని ఆలోచన. నాసిక్‌లో ద్రాక్ష పండించేది గోదావరి నీళ్లే, మనదీ అదే నది కదా అన్నది మొదటి వాదన. ఫ్రాన్స్‌లో బోర్డో కూడా సముద్రానికి దగ్గరగా, నది ముఖద్వారం దగ్గర, వానలు బాగా పడే చోటే ఉంది కదా అన్నది రెండోది. మొక్కలు మేమే ఇచ్చి పంట మేమే కొంటామని ఒకాయన కాగితాలు పట్టుకుని ఇంటికి తిరుగుతున్నారట. నాన్నగారు మాత్రం చెట్లు కొట్టడానికి ఒప్పుకోవడం లేదట.

ముందే చెప్పేస్తాను. మూడెకరాలకు వద్దు. ఈ విషయంలో మీ నాన్నగారి మాట వినండి. పెరట్లో పందిరికి అయితే నిరభ్యంతరంగా వేసుకోండి, ఎలా వేయాలో కింద రాస్తాను. నాదీ ఈ డెల్టాయే. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష తోటలు వెలిగిన రోజుల్లో అక్కడ పని నేర్చుకున్నాను. తర్వాత చాలా ఏళ్లు నాసిక్ జిల్లాలో పింపళ్‌గావ్, నిఫాడ్ వైపు తోటలు చూశాను. ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాను. జవాబు కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి. కొబ్బరి ఒకసారి తీసేస్తే మళ్లీ వేసి కాపు చూడటానికి ఆరేడేళ్లు పడుతుంది కాబట్టి ఈ ఓపిక అవసరం.

మీ వాదనలు రెండూ కొట్టిపారేసేవి కావు. నది ఒకటే, నిజం. త్ర్యంబకేశ్వర్ దగ్గర బ్రహ్మగిరిలో పుట్టి మన అంతర్వేది దాకా 1,465 కిలోమీటర్లు వస్తుంది. అయితే ద్రాక్ష తీగ చూసుకునేది నీళ్లు ఏ నదివి అని కాదండీ. వాన ఏ నెలలో పడుతుంది, రాత్రి ఎంత చల్లబడుతుంది అన్నదే దానికి ముఖ్యం. ఈ రెంటిలోనూ నాసిక్‌కీ మనకీ పొంతన లేదు.

నాసిక్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. నైరుతి మేఘాలు పడమటి కనుమలు ఎక్కేటప్పుడే ఇగత్‌పురి, త్ర్యంబక్ దగ్గర కుండపోతగా కురిసి, తూర్పుకు జరిగేకొద్దీ పలచబడిపోతాయి. ద్రాక్ష తోటలన్నీ ఆ పలచబడిన వైపే ఉన్నాయి: దిండోరి, నిఫాడ్, పింపళ్‌గావ్, చాంద్‌వడ్. సెప్టెంబరు దాటితే అక్కడ మామూలుగా వానలు తెరిపిస్తాయి. అక్టోబరు నుంచి గాలిలో తేమ తగ్గిపోతుంది, పగలు మంచి ఎండ, రాత్రి చలి. జనవరిలో రాత్రి 10 డిగ్రీలు మామూలు. నిఫాడ్‌లో కొన్ని ఏళ్లలో 5 కంటే కిందికి దిగుతుంది, అలాంటి రాత్రుళ్లు రైతులు కాయ చిట్లకుండా తోటలో మంటలు వేసి పొగ పెడతారు. వాన తక్కువైన చోట నీళ్ల కొరత తీరుస్తున్నది గంగాపూర్ లాంటి డ్యాములూ, బోర్లూ, డ్రిప్పూ. గోదావరి అక్కడ చేస్తున్న సాయం అంతవరకే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తేలిపోతుంది.

చలి దేశాల్లో ద్రాక్ష శీతాకాలం ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది. మన దగ్గర అంత చలి లేదు కాబట్టి తీగకు నిద్ర ఉండదు, ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. వదిలేస్తే ఆకే తప్ప కాయ సరిగా రాదు. అందుకని దక్కన్ పీఠభూమి మీద రైతులు ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక పంట అనే పద్ధతి పెట్టుకున్నారు. మొదటి కత్తిరింపు ఏప్రిల్‌లో. కాసిన కొమ్మలన్నిటినీ ఒక్కో కన్ను, అంటే చిగురు వచ్చే మొగ్గ, మాత్రమే ఉంచి మొదలంటా కోసేస్తారు. కొత్త కొమ్మలు వస్తాయి. కత్తిరించిన 40 రోజుల నుంచి 70 రోజుల మధ్య ఆ కొత్త కొమ్మల కన్నుల్లో, పైకి ఏమీ కనిపించకుండా, తర్వాతి పంట గుత్తి తయారవుతుంది. ఆ సమయంలో ఎండ దండిగా ఉండాలి. మబ్బు పట్టి ముసురేస్తే అదే కన్నులో గుత్తికి బదులు నులితీగ తయారవుతుంది. ఏప్రిల్‌లో కోస్తే ఆ రోజులు సరిగ్గా మే, జూన్ మొదటి వారాల్లో పడతాయి. రుతుపవనం వచ్చేలోగా పని అయిపోతుంది.

రెండో కత్తిరింపు అక్టోబరులో. ఈసారి కొమ్మను మొదలంటా కోయరు. గుత్తి తయారైన కన్ను ఎక్కడుందో చూసుకుని, రకాన్ని బట్టి నాలుగైదు కన్నుల దగ్గరో, ఎనిమిది పది కన్నుల దగ్గరో కోస్తారు. అక్కణ్ణుంచి చిగురు, పూత, పిందె, కాయ. కత్తిరించిన నాటి నుంచి కోతకు సుమారు 120 నుంచి 135 రోజులు. ఈ నాలుగు నెలలూ, ముఖ్యంగా మొదటి యాభై అరవై రోజులు, వాన పడకూడదు.

ఇప్పుడు ఇదే క్యాలెండర్ మన గోడ మీద తగిలించి చూడండి. అక్టోబరు రెండో వారం అంటే మనకు చిత్త కార్తె. తర్వాత స్వాతి, విశాఖ, అనూరాధ. బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే రోజులన్నీ ఇవే. కాకినాడ లెక్కలు తీస్తే అక్టోబరు వాన జూలై వానకు తీసిపోదు. 1996లో కోనసీమను పడగొట్టిన తుపాను వచ్చింది నవంబరు 6న. పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది 2018 డిసెంబరు 17న. అంటే అక్టోబరులో కత్తిరించిన తోటకు చిగురు నుంచి పిందె దాకా ప్రతి దశా తుపాను కాలంలోనే నడుస్తుంది. సార్వా వరి కోతకొచ్చి పడిపోతే ఎంత టెన్షన్ పడతామో మనకు తెలుసు. ద్రాక్షకు పడిపోవడం దాకా అక్కర్లేదు, రెండు రోజులు ముసురు పడితే చాలు.

ఎందుకో చెబుతాను. ద్రాక్షకు బూజు తెగులు అని ఒకటి ఉంది, డౌనీ మిల్‌డ్యూ అంటారు. ఆకు మీద తడి రెండు మూడు గంటలు నిలిచి, వెచ్చగా ఉంటే అంటుకుంటుంది. రాత్రంతా జల్లు పడి తెల్లారిన తోటలోకి నాలుగైదు రోజుల తర్వాత వెళ్లి చూడండి. లేత ఆకు పైన అక్కడక్కడా నూనె చుక్క పడ్డట్టు పసుపుపచ్చ మచ్చ, రూపాయి బిళ్లంత. వెలుగుకు పట్టి చూస్తే ఆ మేర ఆకు పలచబడినట్టు కనిపిస్తుంది. ఆకు తిరగేస్తే సరిగ్గా ఆ మచ్చ కిందే తెల్లటి బూజు, పొద్దుటి పూట తేమకు మరీ తెల్లగా ఉంటుంది. ఆకు వరకే అయితే సర్దుకోవచ్చు. పూత మీదికి వచ్చిందంటే గుత్తి ముందు వంకర తిరిగి, గోధుమ రంగులోకి మారి, ముట్టుకుంటే రాలిపోతుంది. ఆ ఏడాదికి ఆ కొమ్మ మీద ఇంకేమీ లేదు. ముసురు పట్టినప్పుడు రైతు తోటలోకి ట్రాక్టర్ దింపలేడు, మందు కొట్టినా వాన కడిగేస్తుంది. దీనికి తోడు పక్షికన్ను తెగులు ఉంటుంది. కాయ మీద నల్లటి అంచు, మధ్యలో బూడిద రంగు గుంట. అదీ వానతోనే వ్యాపిస్తుంది.

నాసిక్‌లోనూ అకాల వర్షాలు రావని కాదు. 2023 నవంబరు చివర్లో వడగళ్లు పడి నిఫాడ్ వైపు తోటలు దారుణంగా దెబ్బతిన్నాయి. అక్కడ అది విపత్తు కింద లెక్క. మనకు నవంబరు అంటేనే అది.

అయితే తుపాన్లు పోయాక, డిసెంబరు ఆఖర్న కత్తిరిస్తే సరిపోతుంది కదా అని మీరు అడుగుతారు. తెలివైన వాళ్లందరూ అడిగే ప్రశ్నే ఇది. మూల కార్తెలో కత్తిరించారనుకుందాం. జనవరి, ఫిబ్రవరిలో మంచు పడ్డా వాన తక్కువ, పూత నిలుస్తుంది, పిందె కడుతుంది. కోత ఏప్రిల్ ఆఖరుకో మే మొదటికో వెళ్తుంది. అప్పటికి ఎండ 38, 40 డిగ్రీలు. కాయ నీరు పట్టాల్సిన ఆఖరి వారాల్లోనే కాలువలు కట్టేస్తారు. బోరు మంచిదైతే సరే, సముద్రం వైపు ఊళ్లలో అయితే ఆ బోర్లలో ఉప్పు. ఈదురుగాలితో ఒక్క పెద్ద జల్లు పడిందా, చక్కెర పట్టిన కాయ నిలువునా పగులుతుంది.

ఇదంతా తట్టుకుని కోత కోశారే అనుకుందాం. అసలు నష్టం అప్పుడు మొదలవుతుంది. మేలో కోత అయితే మొదటి కత్తిరింపు మే ఆఖరుకు జరుగుతుంది. కన్నులో గుత్తి తయారయ్యే 40 నుంచి 70 రోజులు జూలై, ఆగస్టుల్లోకి వెళ్లిపోతాయి. మృగశిర, ఆరుద్ర దాటి, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష కార్తెల ముసుర్లో. ఎండ లేదు, కాబట్టి గుత్తి లేదు. ఈ ఏడాది పంట దక్కించుకోవడానికి జరిపిన తేదీ వచ్చే ఏడాది పంటను తినేస్తుంది. ద్రాక్ష క్యాలెండర్ గుండ్రంగా తిరుగుతుంది, ఒక చివర జరిపితే రెండో చివర కూడా జరుగుతుంది. కాగితాలు పట్టుకుని తిరిగే పెద్దమనిషిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: మా డెల్టాలో మొదటి కత్తిరింపు ఏ నెలలో చేయిస్తారు, రెండోది ఏ నెలలో? ద్రాక్ష తెలిసిన మనిషైతే తడుముకోకుండా చెప్పాలి, చెప్పాక మీరు కార్తెలతో సరిచూసుకోవచ్చు.

ఇక వైన్ సంగతి. తినే ద్రాక్ష వేరు, వైన్ ద్రాక్ష వేరు. తినేదానికి కాయ పెద్దగా, తోలు పలచగా, గింజ లేకుండా ఉండాలి. థామ్సన్ సీడ్‌లెస్, దాని నుంచి వచ్చిన తాస్ గణేశ్, సోనాకా అన్నీ ఆ కోవవే. వైన్ ద్రాక్ష చిన్న కాయ, మందం తోలు, లోపల గింజలు. రంగు, వగరు, వాసన చాలావరకు ఆ తోలులోనే ఉంటాయి. రసంలో చక్కెర 22 నుంచి 24 బ్రిక్స్ (రసంలో నూటికి ఎంత చక్కెర ఉందో చెప్పే కొలత) దాకా రావాలి, అదే సమయంలో పులుపు కూడా మిగలాలి. ఈ పులుపు దగ్గరే రాత్రి చలి అవసరం పడుతుంది. కాయ చెట్టు మీద ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. రాత్రి వేడిగా ఉంటే తనలోని పులుపును ఖర్చు చేసుకుంటుంది, చల్లగా ఉంటే దాచుకుంటుంది. ఎర్ర రకాలకు తోలులో రంగు పట్టడానికి కూడా చల్లటి రాత్రే కావాలి. మనకు సంక్రాంతి రోజుల్లోనే రాత్రి 18, 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏప్రిల్‌లో 25 దాటుతుంది. అలాంటి రాత్రుల్లో పండిన కాయ తియ్యగా ఉంటుందేమో గానీ దానితో చేసిన వైన్ చప్పగా, త్వరగా పాడయ్యేట్టుగా వస్తుంది.

నాసిక్‌లో వైన్ మొన్నమొన్నటిదే. సులా అనే వైన్ కంపెనీ వాళ్లు తోటలు వేసింది 1990లలో, మొదటి వైన్ బయటికొచ్చింది 2000లో. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చాక వైనరీలు పెరిగాయి, వించూర్ దగ్గర వైన్ పార్కు వచ్చింది. అక్కడ బాగా కుదిరిన వైన్ రకాలు షెనిన్ బ్లాంక్, సోవిన్యాన్ బ్లాంక్, షిరాజ్, కాబెర్నే. వాళ్లకు కూడా కోత జనవరి నుంచి మార్చి మధ్యలో ముగించాలి, ఎండలు ముదిరితే పులుపు పోతుంది. తెల్లవారకముందే లైట్లు పెట్టుకుని కోస్తారు, కాయ చల్లగా ఉండగానే వైనరీకి చేర్చడానికి. మీ తోటలో కోసిన కాయ చల్లగా ఎక్కడికి చేరుస్తారు? దగ్గర్లో ఏ వైనరీ తీసుకుంటుందో పేరుతో సహా రాసిమ్మని అడగండి. మనమే ఇంట్లో వైన్ తయారు చేసి అమ్ముకోవచ్చు అనుకోకండి, ఎక్సైజ్ లైసెన్సు లేకుండా చేస్తే అది నేరం.

బోర్డో గురించి మీరు రాసిన దాంట్లో సగం నిజం ఉంది. అందుకే దాన్ని విడమరచి చెప్పాలనిపించింది. గరోన్, దోర్దోన్యు అనే రెండు నదులు కలిసి జిరోండ్ అనే వెడల్పాటి పాయ అయి అట్లాంటిక్‌లో పడతాయి. ఆ నదుల రెండు ఒడ్డుల వెంబడీ తోటలు, ఈమధ్య దాకా సుమారు లక్ష హెక్టార్లు. పల్లపు నేల. వాన ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైచిలుకు, మనకు 1,100 దాటుతుంది, పెద్ద తేడా ఏమీ లేదు. గాలిలో తేమ కూడా ఎక్కువే. ఇంతవరకు మన కోనసీమలాగే ఉంది.

తేడా ఎక్కడంటే, ఆ వాన పన్నెండు నెలలకూ పంచుకుని పడుతుంది. మనలా నాలుగైదు నెలల్లో కుమ్మరించదు. బోర్డో 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మనం 16న్నర మీద ఉన్నాం. అక్కడ శీతాకాలం తీగ నిజంగా నిద్రపోతుంది, కాబట్టి ఒక్క కత్తిరింపుతో సరి. జూన్‌లో పగలు పదిహేనున్నర గంటలు వెలుతురు ఉంటుంది, మనకు పదమూడు గంటలు. నడి వేసవిలో కూడా సగటు పగటి వేడి 27 డిగ్రీలకు అటూ ఇటూ, రాత్రి 15, 16. సముద్రం వైపు నుంచి వచ్చే ఈదురుగాలిని, ఉప్పుగాలిని లాండ్స్ అడవి, అంటే కొన్ని లక్షల ఎకరాల సరుగుడు లాంటి పైన్ చెట్లు, అడ్డుకుంటాయి.

నేల సంగతి కూడా చూడండి. మెడోక్ అనే ఎడమ ఒడ్డు ప్రాంతం ఒకప్పుడు బురద నేల. 17వ శతాబ్దంలో డచ్చి ఇంజనీర్లు కాలువలు తవ్వి ఆ నీళ్లు బయటికి పంపారు. మన దగ్గర కాటన్ దొర ధవళేశ్వరం కట్టి కాలువలతో నీళ్లు లోపలికి తెస్తే, అక్కడ కాలువలతో నీళ్లు బయటికి పంపాక ద్రాక్ష నిలదొక్కుకుంది. అక్కడ గులకరాళ్ల దిబ్బలున్నాయి. వాన పడితే నీరు కిందికి దిగిపోతుంది, రాయి పగటి వేడి పట్టుకుని కాబెర్నే సోవిన్యాన్ పండటానికి తోడ్పడుతుంది. కుడి ఒడ్డున, సెయింట్ ఎమిలియాన్ వైపు, బంకమట్టి, సున్నపురాయి. అక్కడ మెర్లో రకం. ఎర్ర రకాల్లో సగానికి పైగా ఇప్పుడు మెర్లోనే. మన లంక ఒండ్రు అరటికి, కందకు, తమలపాకుకు బంగారం లాంటిది. కానీ అంత సారవంతమైన నేలలో ద్రాక్ష ఆకు పెంచుకుంటూ పోతుంది, కాయ మీద ధ్యాస పెట్టదు. పైగా వేరు కింద నీటిమట్టం మరీ పైకి ఉంటుంది. 1986 ఆగస్టు వరద, 2022 జూలై వరద చూసిన లంకల్లో పందిరి స్తంభాలు పాతి, తీగ కట్టి, ఎకరాకు లక్షలు పెట్టడం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇంత అనుకూలత ఉండి కూడా బోర్డో రైతు సుఖంగా లేడు. 2017, 2021 వసంతాల్లో రాత్రి చలికి మంచు గడ్డకట్టి చిగుళ్లు మాడిపోయాయి. 2023లో వేసవి తడిగా వెళ్లి అదే బూజు తెగులు మెర్లో తోటల్ని పట్టి పీడించింది. ఆ తెగులుతో వాళ్ల పోరాటం 19వ శతాబ్దం చివర్లో మొదలైంది, మనకు దాని ఫలితం ఇప్పటికీ అందుతోంది. మెడోక్ రైతులు దారిన పోయేవాళ్లు కాయ కోసుకోకుండా రోడ్డు పక్క వరుసలకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్లు. ఆ వరుసల్లోనే ఆకు నిలిచి ఉండటం మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త గమనించి, పరీక్షించి 1885లో ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం. మన తమలపాకు తోటల్లో మొదలు కుళ్లుకు, కొబ్బరిలో మొవ్వు కుళ్లుకు పెద్దవాళ్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నది ఇదే.

మీ ఆశకు బలం ఇచ్చే ఉదాహరణ ఒకటుంది, దాచిపెట్టడం న్యాయం కాదు. థాయిలాండ్‌లో చావో ఫ్రాయా నది డెల్టాలో, బ్యాంకాక్‌కు దగ్గర్లో సముత్ సాఖోన్ వైపు, ద్రాక్ష తోటలున్నాయి. అచ్చం మన కోనసీమ నేలే. మట్టి ఎత్తి పొడవాటి గట్లు పోసి, మధ్యలో కాలువలు వదిలి, గట్ల మీద ద్రాక్ష పందిర్లు వేశారు. కాలువలో పడవ మీద తిరుగుతూ పని చేసుకుంటారు. మలాగా బ్లాంక్, పోక్ డమ్ అనేవి వాళ్ల రకాలు. కొంత వైన్‌కు వెళ్తుంది. అంటే ఉష్ణమండల డెల్టాలో ద్రాక్ష అసాధ్యం అని ఎవరైనా అంటే తప్పే. అయితే ఆ థాయి సింధుశాఖ కొసకు తుపాను రావడం అరుదు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వరసగా పొడి కాలం. మనకు లేనిది అదే. బ్రెజిల్‌లో సావో ఫ్రాన్సిస్కో నది ఒడ్డున పెట్రోలినాలో భూమధ్యరేఖకు 9 డిగ్రీల దూరంలోనే ఏడాదికి రెండు పంటలు తీస్తున్నారు. అది కరవు నేల, నది నీళ్లు డ్రిప్పుతో ఇస్తారు. తమిళనాడు కంబం లోయలో పన్నీర్ ద్రాక్ష ఏడాది పొడుగునా కోస్తారు. అది కనుమల చాటున ఉన్న లోయ. ఎక్కడ చూసినా నీళ్లు మనిషి చేతిలో ఉన్న చోట, ఆకాశం నుంచి అడగని వేళ పడని చోట ద్రాక్ష బాగుంది.

ఇక పెరటి పందిరి. ఇది మాత్రం వేయండి, నాలుగు గుత్తులు వచ్చినా పిల్లలకు సంతోషం. దొండ, పొట్ల పందిరి వేసే ఇంటికి ఇది కొత్త పని కాదు. రకం విషయంలో అనాబ్-ఎ-షాహీ జోలికి వెళ్లొద్దు. 1890 ప్రాంతంలో హైదరాబాద్‌లో అడుగుపెట్టి దశాబ్దాల పాటు ఆ ఊరికి పేరు తెచ్చిన గొప్ప రకం అది, తిన్న నోరు మరిచిపోదు, కానీ బూజు తెగులుకు మొట్టమొదట లొంగేది కూడా అదే. మన తేమకు బెంగళూరు బ్లూ మేలు. నల్ల కాయ, గింజ ఉంటుంది, పులుపు ఎక్కువ, గుత్తిలో అన్ని కాయలూ ఒకసారి రంగు తిరగవు. కానీ వానను మిగతావాటికంటే తట్టుకుంటుంది. కడియం నర్సరీల్లో ద్రాక్ష మొక్క అడిగితే ఇస్తారు, అయితే రకం పేరు చీటీ మీద రాయించుకోండి. వట్టి నల్ల ద్రాక్ష అంటే తీసుకోవద్దు. మీ ఊళ్లో బోరు ఉప్పగా ఉంటే డాగ్‌రిడ్జ్ అనే మరో ద్రాక్ష రకం వేరు మీద అంటుకట్టిన మొక్క అడగండి, ఉప్పును బాగా ఓర్చుకుంటుంది.

ఇంటికి దక్షిణం వైపు, గాలి వెలుతురు ఆడే చోట, నేల కంటే అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి. కొబ్బరి నీడ పడకూడదు. ఒకే కాండం పందిరి ఎత్తుదాకా నిటారుగా తీసుకెళ్లి, పైన రెండు చేతులుగా చీల్చండి. మొదటి ఏడాది కాయ కోసం ఆశపడొద్దు. తర్వాత నుంచి పంట కోసం కత్తిరింపు డిసెంబరు మూడో వారంలో, ఆకాశంలో వాయుగుండం వార్త లేని రోజు చూసి చేయండి. గుత్తులు తక్కువ వస్తాయి, పైన చెప్పిన కారణానికే, పెరటికి అది చాలు. తోటల్లో కన్నులన్నీ ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు. అది విషం. ఇంటి పెరట్లో దాని అవసరం లేదు, తేవద్దు.

మందుగా బోర్డో మిశ్రమం చాలు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు, ఇది ఒక శాతం. పెరటికి పది లీటర్లకు వంద గ్రాములు, వంద గ్రాములు. రెండూ విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించాలి, ఇనుప పాత్ర వద్దు. తుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి పోస్తూ కలియబెట్టండి. తర్వాత తుప్పు గీకేసిన మామూలు ఇనుప చాకు ఒక నిమిషం ముంచి తీయండి. అంచు మీద ఎర్రగా రాగి పూత కనిపిస్తే సున్నం చాలలేదని, ఇంకాస్త పోయాలి. చాకు మామూలుగా ఉంటే సిద్ధం. అదే రోజు కొట్టేయాలి, మర్నాటికి నిలవ పనికిరాదు. లేత చిగుళ్లకు సగం బలం చాలు, లేకపోతే అంచులు మాడతాయి.

మీ కొబ్బరి గురించి కూడా రెండు మాటలు. తెల్లదోమకు పురుగుమందులు కొట్టించకండి, దాన్ని తినే పరాన్నజీవి పురుగు కూడా చచ్చిపోతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు ఐసేరియా అనే మేలుచేసే శిలీంధ్రం మీద పనిచేశారు, అక్కడికి వెళ్లి అడగండి, ఎప్పుడు ఎలా కొట్టాలో వాళ్లే చెబుతారు. ఆదాయం పెరగాలంటే చెట్ల మధ్య కోకో వేయండి. నీడ కావాలి దానికి, మీ దగ్గర ఉంది. పశ్చిమ గోదావరి, ఏలూరు వైపు కొబ్బరి తోటల్లో కోకో నిలదొక్కుకున్న పంట. చెట్టు కొట్టక్కర్లేదు, నాన్నగారితో గొడవా లేదు.

ఆ కాగితాల మీద మాత్రం ఇప్పుడే సంతకం పెట్టకండి. కొనుగోలు ధర, ఎన్ని బ్రిక్స్‌కు ఎంత, తెగులు వస్తే నష్టం ఎవరిది, తుపానుకు పందిరి పడితే ఎవరు నిలబెడతారు, ఇవన్నీ రాతపూర్వకంగా ఉన్నాయో లేదో చూడండి. వీలైతే ఆ కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి, పేర్లు చెరిపేసి, ఏ షరతు ఏమిటో చదివి చెబుతాను. పందిరికి తీగ ముక్కలు కావాలంటే డిసెంబరులో నాది కత్తిరించినప్పుడు ఇస్తాను. పెన్సిల్ లావు, నాలుగు కన్నులు ఉన్న ముదురు కొమ్మలు ఏరి పెడతాను.